లండన్ తగలబడిన తర్వాత: కాలిపోయిన ఇంటికి అద్దె ఎవరు కట్టాలి?

తేమ్స్‌గట్టు · ఆదివారం రాత్రి 8:40

నిన్న మా అమ్మాయిని తీసుకుని ఇక్కడ లండన్‌లో, 1666 నాటి పెద్ద అగ్నిప్రమాదానికి గుర్తుగా కట్టిన మాన్యుమెంట్ స్తంభం ఎక్కాను. 311 మెట్లు. స్తంభం ఎత్తు 202 అడుగులు. 1666 సెప్టెంబరు 2 ఆదివారం తెల్లవారకముందే పుడ్డింగ్ లేన్‌లో ఒక రొట్టెల బట్టీలో మంట పుట్టింది కదా, ఆ చోటు ఇక్కడికి సరిగ్గా 202 అడుగుల దూరమట. నాలుగు రోజుల్లో 13,200 ఇళ్ళు, 87 చర్చిలు, పాత సెయింట్ పాల్స్ పెద్ద చర్చి పోయాయి. పైనుంచి అదంతా చూపిస్తుంటే అమ్మాయి ఒక ప్రశ్న అడిగింది: "అన్నీ బూడిదైతే ఎవరి స్థలం ఎక్కడిదాకానో ఎలా తెలిసింది నాన్నా?"

నాకు జవాబు రాలేదు. ఊరంతా కాలాక మళ్ళీ కట్టడానికి వాళ్ళు ఏం చట్టాలు చేసుకున్నారు? ఇక్కడ చరిత్ర తెలిసినవాళ్ళు, లాయర్లు ఉన్నారుగా, కాస్త వివరంగా చెప్పండి.

పాతకాగితాలు · ఆదివారం రాత్రి 9:25

మీ అమ్మాయి అసలు చోటే పట్టుకుంది. చాలామంది వాస్తుశిల్పి క్రిస్టఫర్ రెన్, ఆయన కట్టిన కొత్త సెయింట్ పాల్స్ గుమ్మటం దగ్గర ఆగిపోతారు. ఊరు మళ్ళీ లేచింది మాత్రం హద్దు కర్రల మీద.

క్రమంగా చెబుతాను. మంటలు చల్లారిన వారానికే, సెప్టెంబరు 13న, రాజు రెండో చార్లెస్ ప్రకటన ఇచ్చాడు. ఎవరూ తొందరపడి కట్టొద్దు, కట్టేది ఇటుకతోనో రాతితోనో కట్టాలి, వీధులు వెడల్పుగా ఉండాలి అని. తర్వాత రాజు తరఫున ముగ్గురు (రెన్, హ్యూ మే, రోజర్ ప్రాట్), నగరం తరఫున ముగ్గురు (రాబర్ట్ హుక్, పీటర్ మిల్స్, ఎడ్వర్డ్ జెర్మన్) కూర్చుని నియమాలు ఖరారు చేశారు. 1667 ఫిబ్రవరి 8న పునర్నిర్మాణ చట్టానికి రాజముద్ర పడింది. మంట ఆరి అప్పటికి అయిదు నెలలు. తగాదాలు తీర్చడానికి ఇంకో చట్టం చేశారు, దాని సంగతి లాయర్లకే వదిలేస్తాను.

ఇక హద్దులు. ఆ మార్చి చివర్లో సర్వేయర్లు పని మొదలుపెట్టారు. ముందు వీధుల గీత, ఆ తర్వాత ఒక్కో యజమాని స్థలం. ఇల్లు కట్టాలనుకున్నవాడు శిథిలాలు ఎత్తేయించుకుని, నగర ఖజానాలో 6 షిల్లింగుల 8 పెన్నీలు కట్టి రసీదు తెస్తే సర్వేయర్ వచ్చి, ఇరుగుపొరుగుల ఎదుట పాత పునాది చూసి, కర్రలు పాతి, కొలతలు పుస్తకంలో రాసుకునేవాడు. హుక్, మిల్స్, వాళ్ళతో చేరిన జాన్ ఆలివర్ కలిసి కొన్నేళ్ళలో 8 వేలకు పైగా పునాదులు ఇలాగే కొలిచారు. మనం స్ప్రింగు సూత్రంలో చదువుకున్న హుకే ఈయన. ఆ బురదలో రోజూ పట్టీ పట్టుకుని తిరిగాడు.

పాతిన కర్ర పీకితే మూడు నెలల జైలు లేదా 10 పౌన్ల జరిమానా. కట్టుకోలేని పేదవాడైతే ఆ చోటనే ఒళ్ళు రక్తమయ్యేదాకా కొరడా దెబ్బలు. ఇది చట్టంలోనే రాసి ఉంది.

నిడదవోలు_పిల్ల · ఆదివారం రాత్రి 9:41

ఒకే తప్పు, డబ్బున్నవాడికి జరిమానా, లేనివాడికి కొరడా. చదువుతుంటేనే ఒళ్ళు మండుతోంది.

ఊరిపటం · ఆదివారం రాత్రి 10:02

పట్టణ ప్రణాళిక చదివినవాడిగా నాకు మాత్రం ఇది చేజారిన అవకాశంగానే కనిపిస్తుంది. మంట ఆరిన కొద్ది రోజులకే రెన్ ఒక పటం ఇచ్చాడు, రచయిత జాన్ ఎవెలిన్ ఇంకోటి, హుక్ మరోటి. విశాలమైన వీధులు, కూడళ్ళు, నది ఒడ్డున ఖాళీ జాగా. ఒక్కటీ అమలు కాలేదు. పాత సందులే, కాస్త వెడల్పు చేసి, మళ్ళీ గీశారు. పూర్తిగా కొత్తగా వేసినవి కింగ్ స్ట్రీట్, క్వీన్ స్ట్రీట్. రెండూ కలిపితే నగర పాలక భవనం గిల్డ్‌హాల్ నుంచి నదికి ఒకే దారి. ఊరు మొత్తం ఖాళీ పలకలా దొరికినప్పుడు కూడా కొత్తగా గీయలేకపోతే ఇంకెప్పుడు గీస్తారు?

పాతకాగితాలు · ఆదివారం రాత్రి 10:20

ఊరిపటం గారూ, ఆ పలక ఖాళీది కాదండీ. కట్టడాలు పోయాయి గానీ హక్కులు కాలలేదు. ఒక్కో స్థలం మీద భూమి సొంతదారు, ఆయన దగ్గర లీజుకు తీసుకున్నవాడు, వాడి కింద ఇంకో లీజు, దాని కింద అద్దెకున్నవాడు. ఆ గొలుసులన్నీ విప్పి, అందరికీ పరిహారమిచ్చి, కొత్త ప్లాట్లు పంచాలంటే డబ్బు కావాలి, ఏళ్ళు కావాలి. అంతకుముందు ఏడాదే ప్లేగు. డచ్చివాళ్ళతో యుద్ధం ఇంకా నడుస్తోంది. ఖజానా ఖాళీ. జనం నగర గోడ పక్కన మూర్‌ఫీల్డ్స్ మైదానంలో గుడారాల్లో ఉన్నారు, చలికాలం ముంచుకొస్తోంది. పటం గీసేదాకా ఆగమంటే వ్యాపారులు ఊరు వదిలి వెళ్ళిపోతారని నగరంవాళ్ళ భయం.

ఊరిపటం · ఆదివారం రాత్రి 10:48

భయం న్యాయమైనదే, ఒప్పుకుంటాను. అమరావతిలో 2015 నుంచి జరిగిన భూసమీకరణలాంటి పద్ధతి వాళ్ళ చేతిలో లేదు. అక్కడ స్థలమంతా ఒకచోట కలిపి, రోడ్లకు తీసుకుని, మిగిలింది ప్లాట్లుగా తిరిగిచ్చే ఏర్పాటు. అయినా అది పొలాల మీద వేసిన పటం. నాలుగు అంచెల అద్దెదారులున్న బజారు మీద వేయడం వేరే సంగతి.

లండన్ పునర్నిర్మాణ చట్టంలో నాకు బాగా నచ్చిన భాగం ఒకటుంది. వీధి వెడల్పు కోసం స్థలం పోయినవాడికి పరిహారం. సరే, అది ఎవరైనా రాస్తారు. కానీ వీధి వెడల్పవడం వల్ల ఎవడి ఇంటికి విలువ పెరిగిందో వాడు ఆ పెరుగుదలలో కొంత తిరిగి కట్టాలని కూడా రాశారు. ఎంతన్నది జ్యూరీ తేల్చాలి. మన ఊళ్ళల్లో ప్లాటు క్రమబద్ధీకరణకు వెళ్తే బెటర్‌మెంట్ చార్జీలు అంటారు చూడండి, ఆ ఆలోచన ఇక్కడ 1667లోనే చట్టంలో కనిపిస్తుంది.

తేమ్స్‌గట్టు · ఆదివారం రాత్రి 11:05

మరి పరిహారానికి డబ్బెక్కడిది? ఖజానా ఖాళీ అన్నారుగా.

పాతకాగితాలు · ఆదివారం రాత్రి 11:17

బొగ్గు నుంచి. లండన్ రేవుకొచ్చే బొగ్గు మీద చాల్డ్రన్‌కు షిల్లింగు పన్ను, 1667 మే నుంచి పదేళ్ళ పాటు. చాల్డ్రన్ అంటే అప్పటి బొగ్గు కొలత. అది చాలక 1670లో ఇంకో చట్టం తెచ్చి మూడు షిల్లింగులు చేశారు, 1687 దాకా పొడిగించారు. చర్చిలకు, వీధులకు, పరిహారాలకు అందులోంచే ఇచ్చారు. 87 చర్చిలు పోతే 51 తిరిగి కట్టారు. అంటే చలికి పొయ్యి రాజేసుకున్న ప్రతి ఇల్లూ, పేదిల్లయినా సరే, ఊరి నిర్మాణానికి చందా కట్టింది.

బట్టలకొట్టు · సోమవారం ఉదయం 6:10

అందరికీ నమస్కారం. నేను ఎప్పుడూ చదివి వెళ్ళిపోయేవాణ్ణి, రాసేవాణ్ణి కాదు. లీజు, అద్దె మాట చూసి ఆగలేకపోయాను.

మా నాన్నగారికి ఒక చిన్న పట్నంలో బట్టల కొట్టుండేది. అద్దె కొట్టు. ఓ వేసవి రాత్రి వరసలో ఎక్కడో వైర్లు కాలి, తెల్లారేసరికి పదకొండు కొట్లు బొగ్గయ్యాయి. పెళ్ళిళ్ళ సీజను సరుకంతా లోపలే ఉంది. మూడోరోజు యజమాని వచ్చి రెండు మాటలన్నాడు. ఒకటి, ఒప్పందం ఇంకా నాలుగేళ్ళుంది కాబట్టి అద్దె ఆగదు. రెండు, కట్టలేకపోతే రాసిచ్చి ఖాళీ చెయ్యి. నాన్నగారు మేమే కప్పు వేసుకుంటాం, ఖర్చు అద్దెలో పట్టుకోండి అన్నారు. ఒప్పుకోలేదు. కోర్టుకు వెళ్ళాం. వాయిదాలు, వాయిదాలు. తొమ్మిదేళ్ళు. ఆ స్థలంలో పిచ్చిమొక్కలు మొలిచాయి. అటు ఆయనకూ రూపాయి రాలేదు, ఇటు మాకూ కొట్టు లేదు. నాన్నగారు ఆ తొమ్మిదేళ్ళూ ఇంకొకరి కొట్లో గుమస్తాగా గజం పట్టి గుడ్డ కొలిచారు.

అందుకే అడుగుతున్నా. లండన్‌లో అన్ని వేల ఇళ్ళు కాలితే, వాటిలో అద్దెకున్నవాళ్ళ సంగతేంటి? వాళ్ళకీ ఇలాగే చెప్పారా?

బెజవాడ_ప్లీడరు · సోమవారం ఉదయం 9:30

బట్టలకొట్టు గారూ, మీ నాన్నగారికి నా నమస్కారాలు. మీ ప్రశ్నే ఆనాడు లండన్‌ని ఆపేసిన ప్రశ్న.

అప్పటి ఇంగ్లీషు చట్టం ప్రకారం జవాబు మీ యజమాని చెప్పినట్టే ఉండేది. 1647లో పారడైన్ వర్సెస్ జేన్ అని ఒక కేసు. అంతర్యుద్ధంలో సైన్యం వచ్చి కౌలుదారుణ్ణి భూమి మీదనుంచి తరిమేసింది. అయినా సరే, ఒప్పుకున్న అద్దె కట్టాల్సిందే అన్నారు. దానికి తోడు చాలా లీజుల్లో మరమ్మతుల భారం అద్దెదారుదే. ఆ రెండూ కలిపి చూడండి: ఇల్లు కాలింది, మళ్ళీ కట్టాల్సిందీ వాడే, కట్టేదాకా లేని ఇంటికి అద్దె ఇవ్వాల్సిందీ వాడే. లీజు మూడేళ్ళే మిగిలినవాడు ఎందుకు కడతాడు? యజమాని ఎందుకు కడతాడు? ఇద్దరూ చేతులు కట్టుకుని కూర్చుంటారు. మీ స్థలంలో పిచ్చిమొక్కలు మొలిచాయన్నారే, లండన్‌లో 13 వేల చోట్ల అదే జరిగేది.

అందుకని పార్లమెంటు అగ్ని తగాదాల చట్టం చేసి ఒక ప్రత్యేక న్యాయస్థానం పెట్టింది. ఫైర్ కోర్ట్ అంటారు. దేశంలోని పెద్ద కోర్టుల జడ్జీలే అందులోనూ కూర్చున్నారు. ముగ్గురుంటే చాలు, తీర్పు చెప్పొచ్చు. 1667 ఫిబ్రవరి 27న క్లిఫర్డ్స్ ఇన్ అనే చోట మొదలైంది. మామూలు కోర్టుల లాంఛనాలు అక్కర్లేదని చట్టమే చెప్పింది. ఇరుపక్షాలనూ పిలిచి, లీజు చూసి, ఎంత అద్దె, ఎన్నేళ్ళు మిగిలింది, ఎవరు కట్టగలరు అని అడిగి, రోజుల్లో తేల్చేవాళ్ళు.

వాళ్ళకిచ్చిన అధికారం చూడండి. లీజు రద్దు చేయొచ్చు. అద్దె తగ్గించొచ్చు. బకాయి కొట్టేయొచ్చు. లీజుకు 40 ఏళ్ళ దాకా కలపొచ్చు. సాధారణంగా జరిగింది ఏమిటంటే, అద్దెదారు సొంత డబ్బుతో ఇల్లు కడతాడు, బదులుగా యజమాని లీజు బాగా పొడిగించి అద్దె దించుతాడు. రాసుకున్న ఒప్పందాన్ని కోర్టు ఇలా తిరగరాయడం మా వృత్తిలో ఊహకు కూడా అందదు. ఇక్కడ అడిగిన మాట వేరు: నష్టాన్ని ఇద్దరి మధ్య ఎలా పంచితే ఇల్లు లేస్తుంది?

వెయ్యికి పైగా కేసులు ఇలా తేల్చారు. తర్వాత నగరం ఆ 22 మంది జడ్జీల బొమ్మలు గీయించి గిల్డ్‌హాల్‌లో పెట్టుకుంది. జాన్ మైకేల్ రైట్ గీశాడు. ఆ కాలపు పేరున్న జడ్జి మాథ్యూ హేల్ కూడా వారిలో ఒకరు.

బట్టలకొట్టు · సోమవారం ఉదయం 9:52

"మేమే కప్పు వేసుకుంటాం, ఖర్చు అద్దెలో పట్టుకోండి." మా నాన్నగారు అడిగింది అచ్చంగా ఇదే కదండీ.

బెజవాడ_ప్లీడరు · సోమవారం ఉదయం 10:15

అదేనండీ. ఇక మన చట్టం సంగతి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 108వ సెక్షన్, బి భాగంలో ఇ క్లాజు: అగ్ని, తుఫాను, వరద, అల్లరిమూక లాంటి వాటివల్ల అద్దెకిచ్చిన ఆస్తిలో ముఖ్యభాగం పూర్తిగా పోతే, లీజును చెల్లనిదిగా చేసుకునే హక్కు అద్దెదారుకుంది. గమనించండి, ఆ ఎంపిక అద్దెదారుది, యజమానిది కాదు. మంట అద్దెదారు తప్పు వల్ల వచ్చినదైతే ఆ హక్కు ఉండదు. ఒప్పందంలో వేరేగా రాసుకుంటే అదే నడుస్తుంది. అలాగే 2014లో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల ధర్మాసనం, కట్టడం పోయినంత మాత్రాన అద్దె హక్కు పోదు, లీజులో కింద నేల కూడా ఉంటుంది అని చెప్పింది.

అంటే హక్కు విషయంలో మనం 1666 నాటి లండన్ అద్దెదారు కంటే నయం. కానీ "నువ్వు కట్టు, నీకు ఇన్నేళ్ళు పెంచుతాను, నువ్వు ఇంత తగ్గించుకో" అని నెలలో తేల్చే కోర్టు మనకు లేదు. బజారు కాలిన ప్రతిసారీ నాకు ఆ లోటే కనిపిస్తుంది.

తాపీపని · సోమవారం మధ్యాహ్నం 1:20

మాది మూడు తరాల మేస్త్రీల ఇల్లు, నేను సివిల్ చదివాను. కోర్టు సంగతి అయిందిగా, నన్ను గోడ దగ్గరికి రానివ్వండి.

ఆ పునర్నిర్మాణ చట్టం ఇళ్ళను నాలుగు రకాలు చేసింది. సందుల్లో రెండంతస్తులు, పేరున్న వీధుల్లో మూడు, పెద్ద రాజవీధుల్లో నాలుగు. నాలుగో రకం గొప్పవాళ్ళ భవంతులు, అవీ నాలుగు అంతస్తులు దాటకూడదు. అంతస్తు ఎత్తు, గోడ మందం అన్నీ చట్టంలోనే. మందం అంగుళాల్లో కాదు, ఇటుకల్లో రాశారు. మేస్త్రీకి అర్థమయ్యే లెక్క అది! బయటి గోడలు ఇటుకో రాయో. వీధి మీదకు పొడుచుకొచ్చే పై అంతస్తులు బంద్. పాత లండన్‌లో కొయ్య ఇళ్ళు పైకి పోయినకొద్దీ వీధిలోకి వంగి, ఎదురింటి కిటికీని తాకేంత దగ్గరికొచ్చేవి. మంట ఆ దారినే దూకింది. చూరునీళ్ళు దారిన పోయేవాళ్ళ నెత్తిన పడకుండా గొట్టంతో కిందికి దింపాలని కూడా రాశారు.

అన్నిటికన్నా తెలివైనది ఉమ్మడి గోడ నియమం. రెండు స్థలాల మధ్య గోడ, చెరి సగం నేల మీద. ముందు కట్టేవాడు పూర్తి గోడ లేపాలి, ముందువైపు పక్కింటి గోడ వచ్చి కలిసేలా ఇటుకలు పళ్ళలా బయటికి వదలాలి. ఇప్పటికీ మా పనివాళ్ళు చేసేది అదే. పక్కవాడు తర్వాత ఎప్పుడు కట్టినా గోడ ఖర్చులో సగం, ఏడాదికి నూటికి ఆరు వడ్డీతో, ముందు కట్టినవాడికి ఇవ్వాలి. ఊహించండి, చుట్టూ శిథిలాలు, ఒక్కడే ముందుకొచ్చి కట్టాలి. "నా గోడ వాడుకుని వాడు లాభపడతాడేమో" అన్న అనుమానం ఒక్కటి చాలు, ఎవడూ కదలడు. ఆ అనుమానాన్ని తీసిపారేశారు.

నిడదవోలు_పిల్ల · సోమవారం మధ్యాహ్నం 1:45

అంత పనికి మనుషులెక్కడ దొరికారు? ఇటుకల ధరలు పెంచేయలేదా?

తాపీపని · సోమవారం మధ్యాహ్నం 2:10

అక్కడికే వస్తున్నా. నగరంలో వృత్తి సంఘాల పెత్తనం గట్టిగా ఉండేది. సభ్యత్వం లేని బయటి మేస్త్రీ నగరంలో పనిచేయకూడదు. చట్టం ఆ తలుపు తెరిచింది. వడ్రంగులు, ఇటుక మేస్త్రీలు, రాతిపనివాళ్ళు, గిలాబు పనివాళ్ళు ఎక్కడివాళ్ళైనా సరే ఏడేళ్ళు వచ్చి స్థానికుల్లాగే పనిచేసుకోవచ్చు. ఏడేళ్ళూ చేసినవాడికి ఆ హక్కు జీవితాంతం. సంఘాలవాళ్ళు మా పొట్ట కొట్టారని గొడవ చేశారు. వాళ్ళ బాధ నాకు తెలుసు. పొరుగు రాష్ట్రాల పనివాళ్ళు తక్కువ కూలికి వచ్చినప్పుడు మా తాతగారు కూడా అదే మాట అనేవారు. అయినా అక్కడ వేలాది మంది గుడారాల్లో ఉన్నారు. నేనైతే చట్టం పక్షమే.

కూలి గానీ, ఇటుక, పెంకు, సున్నం ధర గానీ మితిమీరితే జడ్జీలు రేటు కట్టేయొచ్చు, అదీ రాశారు.

ఊరిపటం · సోమవారం సాయంత్రం 5:30

నిన్న రాత్రి నేను రాసింది మళ్ళీ చదువుకున్నాను. కొంచెం వెనక్కి తీసుకుంటున్నాను. నేను వీధుల ఆకారమే చూశాను. ముందు కట్టినవాడికి గోడ డబ్బు, కట్టే అద్దెదారుకు లీజు, స్థలం పోయినవాడికి బొగ్గు పన్ను నుంచి పరిహారం. ఈ మూడూ లేకుండా రెన్ పటం వేసినా అది కాగితమే. ఇంకో నియమం కూడా చెప్పాలి: మూడేళ్ళలో కట్టనివాడికి తాఖీదు ఇచ్చి, తొమ్మిది నెలలు ఆగి, జ్యూరీ విలువ కట్టాక నగరం ఆ స్థలాన్ని అమ్మేయొచ్చు, సొమ్ము సొంతదారుకే. బట్టలకొట్టు గారి స్థలంలో తొమ్మిదేళ్ళు మొక్కలు మొలిచాయంటే ఇలాంటి గడువు లేకనే.

నిడదవోలు_పిల్ల · సోమవారం సాయంత్రం 6:05

కానీ మూడేళ్ళలో కట్టలేనివాడు ఎవడు? పేదవాడే కదా. లీజే లేకుండా గదో, అటకో తీసుకుని ఉన్నవాళ్ళు ఆ ఫైర్ కోర్టుకు ఏమని వెళ్తారు? ఇటుక ఇల్లు కొయ్య ఇల్లు కంటే ఖరీదు. అంటే తర్వాత అద్దె కూడా పెరుగుతుంది.

పాతకాగితాలు · సోమవారం రాత్రి 8:15

నిజం. ఆ చట్టాలు హక్కు కాగితం ఉన్నవాళ్ళ మధ్య నష్టాన్ని పంచాయి. కాగితం లేనివాళ్ళు వాటిలో ఎక్కడా కనబడరు. చాలామంది నగర గోడల అవతలి శివార్లలోనే స్థిరపడిపోయారు. 13,200 ఇళ్ళ చోట తిరిగి లేచినవి సుమారు 9 వేలు. స్థలాలు కలిపేసి పెద్ద ఇళ్ళు కట్టడం ఒక కారణం, జనం తిరిగి రాకపోవడం ఇంకో కారణం. 1670ల మొదట్లో, అప్పటికే కట్టిన ఇళ్ళు కూడా వేల సంఖ్యలో ఖాళీగా ఉండిపోయాయి.

నియమాలు కూడా ఒక్కసారితో పూర్తవలేదు. ఇటుక గోడకు కొయ్య చూరు పెడితే మంట దాన్ని పట్టుకునే పాకేది. 1707లో కొయ్య చూరు అలంకారాలు ఆపి, ఉమ్మడి గోడ కప్పు దాటి 18 అంగుళాలు పైకి లేపమన్నారు. 1709లో కిటికీ చట్రం గోడ ముఖానికి నాలుగు అంగుళాలు లోపలికి పెట్టమన్నారు. పాత లండన్ ఇళ్ళ కిటికీలు లోపలికి ఉంటాయి చూడండి తేమ్స్‌గట్టు గారూ, మీ అమ్మాయికి చూపించండి.

తేమ్స్‌గట్టు · సోమవారం రాత్రి 10:30

అమ్మాయికి అన్నీ చదివి వినిపించాను. కర్రలు, రసీదు, ఇటుక పళ్ళు బాగా నచ్చాయి. కొరడా సంగతి చెప్పలేదు, పడుకునే ముందెందుకని.

ఇందాక వెతికితే క్లిఫర్డ్స్ ఇన్ ప్రవేశద్వారం ఇప్పటికీ ఫ్లీట్ స్ట్రీట్ పక్కనే ఉందని తెలిసింది. కోర్టు నడిచిన హాలు మాత్రం 1934లో కూల్చేశారట. మా ఆఫీసు నుంచి పదిహేను నిమిషాల నడక, ఇన్నేళ్ళుగా ఆ దారినే పోతున్నాను. బట్టలకొట్టు గారూ, శనివారం అక్కడికి వెళ్ళి ఫొటో తీసి ఇక్కడ పెడతాను. నాన్నగారికి చూపిస్తారా?

బట్టలకొట్టు · మంగళవారం ఉదయం 6:05

తప్పకుండా పెట్టండి. ఆయనకు ఎనభై దాటాయి, ఫోనులో చిన్న అక్షరాలు కనబడవు. నిన్న రాత్రి ప్లీడరు గారు రాసింది నేనే చదివి వినిపించాను. లీజు పొడిగించి అద్దె దించేవాళ్ళన్న చోట ఆపి, మళ్ళీ చదవమన్నారు.